కందెన

మా కారుకి ఈమధ్య ఒక రోగం పట్టుకుంది. స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగినప్పుడల్లా, పాత పట్టెమంచం మీద లావుపాటి మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు 'కిర్ర్' మంటుంది. హైదరాబాదులో ఉన్నంతసేపూ ఫరవాలేదు, అక్కడి హారన్ల మోతలో మా కిర్రు ఎవరికి వినబడుతుంది? కానీ మొన్న అత్తమ్మ సంవత్సరీకానికి చిట్యాల వెళ్లినప్పుడు, హైవే దిగి ఊళ్లోకి తిరిగామో లేదో, అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మా వారి మొహం చిన్నబోయింది. చుట్టాలంతా చేరిన ఇంటికి కిర్రుమంటూ వెళ్లడమంటే ఆయనకి చిరుగు చొక్కాతో వెళ్లడంతో సమానం.

మర్నాడు పొద్దున్నే, "రోడ్డు మీది షెడ్డులో నాలుగు చుక్కలు ఆయిల్ కొట్టించుకొస్తా" అంటూ తాళాలు అందుకున్నారు. నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెందుకు?" అన్నారు.

"పూలు కొనాలి" అన్నాను.

అబద్ధం. పూలు ముందురోజు సాయంత్రమే కొన్నాను. అసలు సంగతి, ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. ముగ్గురు అన్నదమ్ములు ఒకే హాల్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అన్నానికి పిలవాలన్నా పిల్లల చేత కబురు. "మీ పెద్దనాయన తింటడేమో అడుగు." ఆ పెద్దనాయన నాలుగు అడుగుల దూరంలో పేపరు చదువుతూ ఉంటాడు. పాపం, పిల్లవాడు అక్కడికి నడిచి వెళ్లి అడుగుతాడు. నవ్వకండి. ఇలాంటి కబుర్లు మీ ఇళ్లల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు నడిచే ఉంటాయి.

సరే, షెడ్డుకి వెళ్లాం. విజయవాడ రోడ్డు పక్కన, ఒక వేపచెట్టు, దాని కింద రేకులు. షెడ్డు నడిపేది కొడుకులు. వాళ్ల నాన్న మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడే ఒక నులకమంచం మీద కూర్చుని, ఏ నట్టు ఎటు తిప్పాలో చెబుతూ ఉంటాడు. ఆ పెద్దాయన తండ్రి ఈ ఊరి వడ్లాయన, ఎడ్లబండ్లు చేసిన చేయి. మా మామగారి బండి కూడా ఆయన చేసిందేనట.

మాకంటే ముందు అక్కడ ఒక ఏనుగు లాంటి బండి ఆగి ఉంది. సినిమావాళ్ల కారవాన్. రామోజీ ఫిల్మ్ సిటీ ఇదే రోడ్డు మీద ఉంది కదా, షూటింగుల కోసం అటూ ఇటూ తిరిగే ఇలాంటి బండ్లు ఈ దారిలో వాళ్లకి కొత్త కాదు. లోపల మంచం, నిలువుటద్దం, స్నానాలగది, ఏసీ, చిన్న వంట గట్టు. ఇంటిని చక్రాల మీద పెట్టినట్టే. అమెరికాలో వీటినే మోటార్ హోమ్ అంటారు. అక్కడ రిటైరైన ముసలి దంపతులు ఇల్లు తాళం వేసి, ఇంకో ఇల్లు తోలుకుంటూ దేశం చూడ్డానికి పోతారు. మనవాళ్లు కూడా వేసవిలో పిల్లలతో అద్దెకి తీసుకుని వెళుతున్నారు.

ఇంత హంగూ ఉన్న బండికి వచ్చిన తిప్పలేమిటో తెలుసా? మెట్టు! తలుపు దగ్గర లోపలికి జరిగి, బయటికి జరిగే ఇనప మెట్టు సగం బయటికి వచ్చి బిర్రబిగుసుకుపోయింది. డ్రైవరు కుర్రాడు దాన్ని తంతున్నాడు.

"ఏం బెట్టినవ్ దానికి?" అన్నాడు పెద్దాయన మంచం మీంచే.

"గ్రీజు తాతా. గట్టిగ దట్టించిన."

"గందుకే."

పెద్దాయన లేచి వచ్చి, ఆ మెట్టు జరిగే పట్టీ మీంచి చిటికెడు నల్లటి ముద్ద వేలితో తీశాడు. రెండు వేళ్ల మధ్య నలిపి కుర్రాడి చెవి దగ్గర పెట్టాడు. గరగరమంది. "ఇనవడ్డదా? ఇది గ్రీజు గాదు బిడ్డా, ఆకురాయి. రోడ్డు మీద దుమ్మంత దీనికే అంటింది. లోపల ఇనుమును రాకి పెడుతున్నది."

నేను నోవెల్స్ రాసుకునే మనిషిని. ఇంజను మూత ఎత్తితే ఏది ఏమిటో నాకు తెలీదు. కానీ ఆ అరగంటలో ఆయన ఆ కుర్రాడికి చెప్పిన పాఠం, బి.ఏ.లో మూడేళ్లు చదివిన తత్వశాస్త్రం కంటే బాగా ఎక్కింది. మూసి ఉండే కీలుకి, అంటే పిన్నూ బుష్షూ లోపల దాగి ఉన్న చోట, చిక్కటి గ్రీజు కావాలి. గ్రీజు గన్నుతో కొడుతూనే ఉండాలి, పాత నల్ల గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా. లేకపోతే పాత మురికి లోపలే ఉండి కొత్తదాన్నీ పాడుచేస్తుంది. గాలికీ దుమ్ముకీ తెరిచి ఉండే మెట్టు, పట్టీ, గుడారం చేతులు వంటివాటికి గ్రీజు పూయకూడదు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడిగా ఉంచి, పల్చగా, చేత్తో తాకితే అంటనంత మందు వేస్తే చాలు. తాళం కప్పలోకి నూనె పోయకూడదు, పెన్సిలు ముక్కు పొడి వేయాలి. (ఇది మా అమ్మమ్మకీ తెలుసు. బీరువా తాళంచెవిని నా పెన్సిలుతో రాసి రాసి పెట్టేది.) తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి మాత్రం మామూలు నూనె దగ్గరికి కూడా రానివ్వకూడదు.

నాకు మా ఇంట్లో ఉషా మిషను గుర్తొచ్చింది. దానికి ఎంత పల్చటి నూనె! ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క. వేశాక ముందు పాతగుడ్డ మీద నాలుగు కుట్లు వేయాలి, లేకపోతే కొత్త జాకెట్టు మీద నూనె మరక. కుట్టు నేర్చుకున్న ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఎక్కడ ఎంత వేయాలి, వేశాక ఎంత తుడవాలి అన్నది మనం చేతులతో నేర్చుకున్నాం, దానికి పేరు పెట్టుకోలేదంతే.

"రామారావు చైతన్య రథం గూడ గిసొంటిదే గద. అండ్లనే పండుడు, అండ్లనే తినుడు" అన్నాడు పెద్దాయన, కారవాన్ పక్కకి చెయ్యి ఆనించి. నిజమే. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి, ఒక పాత షెవర్లే వ్యానుని ఇల్లులా, వేదికలా మార్పించుకుని రాష్ట్రమంతా తిరిగాడు. దాని మీద నిలబడి ఎవరు మాట్లాడారో అందరికీ తెలుసు. తోలింది కొడుకు హరికృష్ణ అని కూడా తెలుసు. ఇన్ని వేల మైళ్లు ఆ పాత బండి ఆగకుండా తిరిగిందంటే, రాత్రిళ్లు జనం నిద్రపోయాక ఎవరో దాని కింద దూరి ఉండాలి కదా! ఆ చేతుల గురించి నేను ఎవరి నోటా వినలేదు.

ఇంతలో మా కారు వంతు వచ్చింది.

"నాలుగు చుక్కలు ఆయిల్ కొట్టండి. చప్పుడు ఆగితే చాలు" అన్నారు మా వారు.

కొడుకు కారు కింద దూరి వచ్చాడు. "రబ్బరు బుష్షులు వోయినయ్ సార్. మార్చాలె."

"ఈ రెండ్రోజులూ గడిస్తే చాలు. హైదరాబాద్‌లో చూసుకుంటాను. ప్రస్తుతానికి ఆయిల్ కొట్టు."

పెద్దాయన అప్పుడు మా వారి వైపు తిరిగాడు. చిన్నప్పటి నుంచి చూసిన పిల్లాడే కాబట్టి మొహమాటం లేదు. "కొడితే సప్పుడు బందయితది నాయనా. ఎందుకు బందు గాదు? గాని నూనె తాగిన రబ్బరు ఉబ్బి, మెత్తవడి ఇంక జల్దీ కుళ్లుతది. సప్పుడు ఎందుకొస్తున్నదో సూడకుంట నూనె వోసుడంటే, ఏడ్సే పిల్లగాని నోరు మూసినట్టు."

మా వారు ఏమీ అనలేదు. బుష్షులు నార్కట్‌పల్లి నుంచి తెప్పించాలి, మధ్యాహ్నం దాకా పడుతుందన్నారు. నేను ఆ వేపచెట్టు కిందే కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆయనకి తెలియకుండా ఆయన మా అత్తమ్మ గురించి మాట్లాడాడు.

కందెన అన్న మాట మీలో ఎందరు విన్నారో! ఇప్పటి పిల్లలకి అది తెలీదు. ఎడ్లబండి ఇరుసుకి పూసే నల్లటి జిడ్డు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవాళ్లు. బండి కింద ఒక వెదురు గొట్టంలో వేలాడుతూ ఉండేది. బండి లేపి, చీల తీసి, చక్రాన్ని పక్కకి జరిపి, ఇరుసుకి పూసి, మళ్లీ చక్రం తోసేవాళ్లు. వెయ్యకపోతే ఆ కేకలకి ఊరు ఊరంతా లేస్తుంది. అందుకే కందెన లేని బండికి కావలసినంత సంగీతం అన్నారు.

ఆముదం ఈ నేల పంట. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో నీళ్లు లేకపోయినా, వాన మొహం చాటేసినా, ఆముదపు చెట్టు మాత్రం మొండిగా నిలబడేది. మన ఇరుసులకే కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లకి కూడా ఆముదమే కందెన. పెట్రోలులో కలిసి కరిగిపోదు, వేడికి జారిపోదు. ఆ పొగ పీల్చుకుంటూ ఎగిరిన పైలట్ల కడుపులు ఏమై ఉంటాయో, చిన్నప్పుడు ముక్కు మూసి ఆముదం తాగించబడ్డ మనకి ఒకరు చెప్పక్కర్లేదు! కాస్ట్రాల్ అనే నూనె పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అన్న మాటలోంచి వచ్చిందే.

మన భాష ఇంకో చమత్కారం చేసింది. స్నేహం అన్న సంస్కృత పదానికి నూనె, జిడ్డు అన్న అర్థమూ ఉంది, ప్రేమ, చెలిమి అన్న అర్థమూ ఉంది. రెండు గట్టి వస్తువులు రాసుకోకుండా మధ్యలో నిలిచేది ఏదైనా స్నేహమే. ఎంత బాగుందో కదూ! నాకూ బాగుండే, నా నవల ఒకదాంట్లో కథానాయిక అత్తగారి గురించి, ఆమె ఆ ఇంటికి కందెన అని రాశాను. ఆ మాట మీద పాఠకురాళ్ల దగ్గర్నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో! మా అమ్మ కూడా అంతేనండీ, మా అత్తగారూ అంతేనండీ అని. ఆ అత్తగారి పాత్రకి మూలం మా అత్తమ్మే. పుస్తకం ఆమె చేతిలో పెట్టి ఆ పేజీ చదివి వినిపిస్తే, "కందెన అంటవేంది బిడ్డా, చేతులన్ని నల్లగయితయి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాటని ఇంకోలా వింటున్నాను.

అత్తమ్మ ఏం చేసేదో చెబుతాను. పెద్ద బావ ఇంటికి వెళ్లినప్పుడు, "తమ్ముడు నిన్ను ఎన్నిసార్లు యాది జేస్తడో" అనేది. ఆ తమ్ముడు ఆర్నెల్లుగా అన్న పేరు ఎత్తి ఉండడు. రెండో యారాలు వండి పంపిన పచ్చడిని, "పెద్ద కోడలు నీకోసమే ప్రత్యేకంగ పంపింది" అని నాకు ఇచ్చేది. పండక్కి తను దాచుకున్న డబ్బుతో చీర కొని, "మీ చిన్న తమ్ముడు పెట్టిండు" అని మా ఆడబిడ్డ చేతిలో పెట్టేది. మా వారి తరఫున అలా ఎన్ని చీరలు పెట్టిందో మాకే తెలీదు. ఒకసారి ఆ వదినె నాకు ఫోను చేసి, చీర రంగు ఎంత బాగుందో అని మెచ్చుకుంటుంటే, ఏ చీరో తెలియక నేను తెల్లమొహం వేశాను. తర్వాత అత్తమ్మకి ఫోన్ చేస్తే, "అవునన్నవా లేదా?" అంది కంగారుగా. అవునన్నానని చెబితేనే ఊపిరి పీల్చుకుంది.

ఇవన్నీ తీపి అబద్ధాలు. ఎవరికి నష్టం, చెప్పండి? ముగ్గురు కొడుకులూ, ఒక కూతురూ, ముగ్గురు కోడళ్లూ నలభై ఏళ్లు రాసుకోకుండా తిరిగారు. మా ఇల్లు ఎంత బాగుండేదని ఊరంతా చెప్పుకునేది. మేమూ చెప్పుకునేవాళ్లం. మా మంచితనం వల్లే బాగుందనుకున్నాం, అదీ తమాషా!

కానీ అన్ని అబద్ధాలూ చీరల దగ్గర ఆగలేదు. హైవేకి రెండు ఫర్లాంగుల దూరంలో మాకు ఆరెకరాల చెల్క ఉంది. తాతల నాటి భూమి. ఒకప్పుడు ఆముదాలు పండింది అందులోనే. 1984 వేసవిలో వదినె పెళ్లి ఆ ఏడు ఆముదాలు అమ్మిన డబ్బుతోనే చేశామని అత్తమ్మ పదేపదే చెప్పేది. ఇప్పుడా భూమిలో ఏమీ పండదు. పండక్కర్లేదు కూడా, రోడ్డు పక్క భూమి ఊరికే ఉన్నా ధర పండుతుంది. నిరుడు అత్తమ్మ పోయిన మూడు నెలలకి కొంటానని ఒకాయన వచ్చాడు. అందరి సంతకాలూ కావాలన్నాడు. అందరి అంటే వదినెవి కూడా.

ఇక్కడ కాస్త చట్టం చెప్పాలి. విసుక్కోకండి, మనకి పనికొచ్చేదే. ఆ చైతన్య రథం ఎక్కి ముఖ్యమంత్రి అయినాయన ప్రభుత్వమే 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రానికి సవరించింది. పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు అంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించదు. మా వదినెకి ఏడాది ముందే అక్షింతలు పడిపోయాయి! తర్వాత 2005లో దేశమంతటికీ సవరణ వచ్చింది, పెళ్లయినా కాకపోయినా కూతురికి సమాన హక్కే అని. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అనే అనుమానాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది, అక్కర్లేదని. మా మామగారు 2001లోనే పోయారు, పంపకాలు జరగలేదు. కాబట్టి కాగితం మీద వదినె చక్రం కూడా బండికి ఉంది. ఇరుసు దగ్గరే పట్టేసింది.

ఎందుకు పట్టేసిందంటే, అత్తమ్మ వదినెకి, "నీ తమ్ముళ్లు ముగ్గురు నీ భాగం ఇస్తమన్నరు, తొందరపడకు" అని చెప్పింది. పెద్ద బావకి, "బిడ్డకు ఏం వద్దట, మీరు మంచిగుంటే చాలన్నది" అని చెప్పింది. రెండో బావకి, "అన్న ఇయ్యనన్నడు, నువ్వు ఊకో, నేను జెప్త" అని చెప్పింది. మా వారికి ఏం చెప్పిందో ఆయన నాకు ఇంతవరకు చెప్పలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కథ పెట్టింది. ఆమె ఉన్నంతకాలం ఆ నాలుగు కథలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నిలబడింది. పోయాక కొనేవాడు వచ్చి అన్నదమ్ములని ఒకచోట కూర్చోబెట్టాడు. నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని లేచిపోయారు. నిజానికి ముగ్గురూ అబద్ధం ఆడలేదు.

చెట్టు కింద కూర్చుని నేను ఆలోచించింది ఇదే. అత్తమ్మ తప్పు చేసిందా?

ధర్మరాజు రథం నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచేదట, సత్యమే ఆడతాడు గనక. అశ్వత్థామ పేరుతో ఒక్క సగం అబద్ధం ఆడేసరికి చక్రాలు నేలకి తగిలాయి. బాగుంది. కానీ నేలకి తగలని రథానికి కందెన ఎందుకు, దుమ్మెక్కడిది? మన బండ్లన్నీ మొదటి నుంచీ నేల మీదే నడుస్తున్నాయి. పొయ్యి దగ్గర నిలబడి నలుగురి మధ్య నెట్టుకొచ్చే ఆడదానికి ధర్మరాజు నియమం పెట్టడం న్యాయం కాదు. శుక్రాచార్యుడు కూడా కొన్ని చోట్ల బొంకితే పాపం లేదని బలి చక్రవర్తికి చెప్పాడుగా! కిరికిరిలో నూటికి తొంభై దుమ్ము వల్ల వచ్చేదే. దానికో చుక్క చాలు. ఆ చుక్కని అబద్ధమని తప్పుపట్టేవాళ్లు ఏ రోజూ ఏ ఇల్లూ నడిపి ఉండరు.

మిగిలిన పది ఉంది చూశారూ, అది అరుగుదల వల్ల వచ్చే చప్పుడు. వదినె భాగం ఆ చప్పుడు. ఇరవై ఏళ్లుగా లోపల్లోపల అరుగుతున్న చోట అత్తమ్మ నూనె పోసింది. చప్పుడు ఆగింది. ఆగిందని మేమందరం హాయిగా పడుకున్నాం. ఆ నిశ్శబ్దం వల్ల లాభపడ్డది ఎవరు? కొడుకులు. కోడళ్లం మేమూ. అత్తమ్మ ఒక్కతే తప్పుచేసిందని ఎలా అనను? ఆమె చేతిలో కందెన గొట్టం తప్ప ఇంకేం పెట్టాం గనక! బుష్షు మార్చే అధికారం ఆమెకి ఎవరిచ్చారు?

మన ఇళ్లల్లో చెప్పుకునే కైకేయి కథ గుర్తుందా? యుద్ధంలో దశరథుడి రథానికి చీల ఊడిపోతే, చక్రం జారిపోకుండా తన వేలు పెట్టిందని. వాల్మీకి రామాయణంలో స్పృహ తప్పిన భర్తని యుద్ధభూమి నుంచి తప్పించి కాపాడినట్టు ఉంటుంది. వేలు కథ మన అమ్మమ్మలది. ఏదైతేనేం, తర్వాత ఆమె అడిగిన వరాలని లోకం మర్చిపోలేదు. ఆ వేలు ఏమైందని అడిగినవాళ్లని మాత్రం నేను చూడలేదు. వరాలు మంచివి కావు, నేనూ ఒప్పుకుంటాను. కానీ వేలు పెట్టినప్పుడు భేష్ అని, అడిగినప్పుడు ఛీ అనడంలో ఏదో ఉంది. ఇంటికి నువ్వే కందెనవి తల్లీ అని పొగుడుతారే, ఆ పొగడ్తలో అది ఉంది. కందెన బండిలో భాగం కాదు. అది అయిపోయే వస్తువు. నల్లబడి, బయటికి కారిపోయి, తుడిచి పారేయబడే వస్తువు. ఇది తెలిసీ ఆ మాట నవలలో అంత అందంగా రాశానే అని సిగ్గేసింది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి వంటింట్లో పెద్ద యారాలు నా చెయ్యి పట్టుకుంది. "వదినె నిన్నటి నుంచి అందరి మొహాలు చూస్తున్నది. ఇయ్యాల అడుగుతది. అత్తమ్మ జాగల ఇగ నువ్వే. నువ్వు కతలు రాస్తవు గద, ఏదో ఒకటి చెప్పి పంపు."

ఆమె దురాలోచనతో అనలేదు. కార్యం రోజు ఏడుపులు వద్దనుకుంది, అంతే. నాకు కూడా, నిజం చెప్పాలంటే, ఆ క్షణంలోనే మూడు నాలుగు మంచి కథలు తట్టాయి. వృత్తి అలాంటిది.

సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక, పెరట్లో కడిగిన గిన్నెలు బోర్లిస్తుంటే వదినె వచ్చి పక్కన కూర్చుంది. అరవైకి దగ్గరైన మనిషి. మోకాళ్ల మీద చేతులు పెట్టి మెల్లగా కూర్చుంటూ, "నా కీళ్లకు గూడ ఎవలన్న నూనె పోస్తె మంచిగుండు" అని నవ్వింది. తర్వాత అడిగింది.

"అమ్మ చెప్పేది, తమ్ముళ్లు ముగ్గురు ఇస్తమన్నరని. నువ్వు విన్నవా? నిజంగ అన్నరా?"

చేతిలో గిన్నె కింద పెట్టాను. "నేను వినలేదు వదినె. నాకు తెలిసి ఎవరూ అనలేదు. అత్తమ్మే అంది."

చాలాసేపు ఏమీ అనలేదు. ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు.

"నాకు ఎర్కే" అంది. "ఇర్వై ఏండ్ల సంది ఎర్కే. చీరలు పెట్టింది గూడ అమ్మే అని ఎర్కే. మీ ఆయనకు రంగులు తెల్వయి గద, గంత మంచి చీర ఎట్ల తెస్తడు?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"ఆమె గట్ల జెప్తుంటె ఆమె మొఖం చూడాలె నువ్వు. ఎంత సంబురపడేది. నేను నిజం అడిగితె అది వోతది. అందుకే ఆమె వున్నన్ని దినాలు నేను గూడ ఇన్నట్టే వున్న."

నూనె పోసింది అత్తమ్మ ఒక్కతే అనుకున్నాను ఇంతసేపూ!

వదినె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇప్పుడు ఆమె లేదు. ఇగ నేను ఎవలి కోసం ఇన్నట్టుండాలె? బుధవారం తాసీల్దారు ఆఫీసుకు పోదామనుకుంటున్న, భూమి కాగితాల నకళ్లకు. నాకు ఆ కాగితాలు సమజ్‌గావు. నువ్వు తోడొస్తవా?"

"వస్తాను" అన్నాను.

రాత్రి తిరుగు ప్రయాణంలో మా వారికి చెప్పాను. అక్క అడిగింది, నేను ఉన్నది చెప్పాను, బుధవారం తోడు వెళ్తానన్నాను అని. కొత్త బుష్షులు వేశారేమో, కారు స్పీడ్ బ్రేకర్లు ఎక్కుతున్నట్టే లేదు. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. పంతంగి టోల్ గేటు దగ్గర బండ్లు బారులు తీరి ఉంటే ఆగాం. చాలాసేపటికి, "బుధవారం నాకు సెలవు దొరకదు" అన్నారు.

"ఎల్.బి.నగర్‌లో బస్సెక్కి పోతాను" అన్నాను.

"నేను దింపుతాలే, ఎల్.బి.నగర్ దాకా" అన్నారు, ఇంకో కిలోమీటరు పోయాక.